తొలకరిలో తలకోన దారి

తిరుపతి నుండి భాకరాపేట మీదుగా నెరబైలు దాటితే తలకోన అడవి మొదలవుతుంది. శేషాచలం కొండల్లోని ఈ జలపాతము ఎత్తు 270 అడుగులు. ఈశాన్య ఋతుపవనాల వానలు పడి, నీరు నిండుగా ఉండే నవంబరు, డిసెంబరుల్లో ఎక్కువమంది వస్తారు. మేము మాత్రము జూలైలో, తొలి వానలు పడిన వారానికే, మా సంఘపు యౌవనస్థులు పన్నెండుగురితో వెళ్ళాము. జలపాతము చూచి, అటవీశాఖ అనుమతితో, పైనున్న రెండు కొండలు ఎక్కి దిగాలని మా ఆలోచన. దారి తెలిసిన నెరబైలు పెద్దాయన తోడు వచ్చాడు.

తొలకరి దారి చూపులకు మంచిదే. గిల్లతీగలు మనిషి తొడంత లావున చెట్లను చుట్టుకొని, కొత్త చిగుళ్ళతో ఉన్నాయి. కాని అడుగు వేస్తేనే అసలు సంగతి తెలిసింది. వేసవి అంతా రాలిన ఆకు మీద తడి, కింద పొడి. దాని కింద రాయి ఉందో గుంట ఉందో తెలియదు. బండల మీద ఎండి నల్లబడిన నాచు ఒక్క జల్లుకే సబ్బు పూసినట్లయింది. కొత్త బూట్లు వేసుకొన్న అబ్బాయే అందరికంటె ముందు పడ్డాడు. పెద్దాయన చెప్పులు చేతబట్టుకొని హాయిగా నడిచాడు!

జలపాతము కింది మడుగు చూడగానే కుర్రవాళ్ళు చొక్కాలు విప్పబోయారు. నేను వద్దన్నాను. 2023లో ఈ మడుగులోకి దూకిన ఒక విద్యార్థి రాళ్ళ మధ్య ఇరుక్కొని ప్రాణము పోగొట్టుకొన్నాడు. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు పైకి కనబడని రాయి తలకు మరీ దగ్గరగా ఉంటుంది.

వాగు దాటి, ఒక పెద్ద బండ మీద కూర్చొని ప్రార్థన చేసి, తెచ్చుకొన్న పులిహోర తిన్నాము. మా మీద ఎండే కాస్తోంది. పెద్దాయన మాత్రము పైకి చూస్తూ, "అయ్యా, పైకొండల్లో మోడం పట్టిండాది. పిల్లోళ్లతో పొయ్యేది వద్దు" అన్నాడు.

నిజము చెప్పాలంటే నాకూ వెళ్ళాలనే ఉంది. ఇంత దూరము వచ్చి, ఒక్క కొండైనా ఎక్కకుండానా? ఒకరిద్దరు నన్ను పిరికివాడన్నట్లు చూశారు. కాని వాళ్ళ తల్లులు నా మాట నమ్మి పంపారు. శేషాచలంలో పలుచని మట్టి కింద అంతా రాతి పలకలే. పైన పడిన వాన ఇంకదు, ఒక్కసారిగా కోనలోకి దిగుతుంది. ఆ మాట చెప్పి, అందరినీ వెనక్కు తిప్పాను.

వాగు దగ్గరకు వచ్చేసరికి నీళ్ళు ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొని వస్తున్నాయి. మోకాలి లోతులో చేతులు పట్టుకొని ఇవతలికి దాటాము. బూట్ల అబ్బాయి అలిగి ఎవరితోనూ మాట్లాడలేదు. మరి అరగంటకు, ఒడ్డున నిలబడి వాడే నా చెయ్యి లాగి చూపించాడు. మేము పులిహోర తిన్న బండ నీళ్ళలో కనబడలేదు.