సంతకం ఒకరిది, శ్రమ పదిమందిది

ద్రవ్యసహాయం అర్థించేవానికి వినయం భూషణం. పరిశోధనకై సహాయం అర్థించేవారికి వినయంతోపాటు మరొక గుణం కూడ ఆవశ్యకమని నాకు పుదుచ్చేరి పట్టణం బోధించినది. తనతో శ్రమించిన ప్రతివారి పేరూ చెప్పగల నిజాయితీయే ఆ గుణం.

నా స్వస్థలం యానాం. గోదావరి తీరాన ఉన్నప్పటికీ అది పుదుచ్చేరి పాలనలోనిదే కనుక, మావారు చదువుకో ఉద్యోగానికో ఈ పట్టణం చేరడం వింత కాదు. ఇక్కడ చిరకాలం ఫ్రెంచి బోధించి విశ్రాంతి తీసుకుంటున్న నావద్దకు ఆ మధ్య ముగ్గురు క్రైస్తవ విద్వాంసులు ఒక దరఖాస్తు ముసాయిదాతో వచ్చారు. ఒకామె చరిత్ర అధ్యాపకురాలు. రెండవవారు వేదాంత కళాశాలలో బోధకులు. మూడవవారు డెబ్బది యేండ్లు దాటిన పెద్దమనిషి. పట్టాలు లేవు గాని, పాత తెలుగు వ్రాతను, తాటాకు ప్రతులను అనర్గళంగా చదువగలరు. పదునెనిమిదవ శతాబ్దిలో ఈ పట్టణం కేంద్రంగా పనిచేసిన జెస్విట్ ఫాదరీల తెలుగు కృషిని పరిశోధించాలని వారి సంకల్పం.

ఆ కృషి సామాన్యమైనది కాదు. ఫ్రెంచి రాజగ్రంథాలయాధిపతి బిన్యోన్ భారతీయ గ్రంథాలను సేకరించి పంపవలసినదని ఫాదరీలను కోరగా, 1730వ దశకంలో పుదుచ్చేరిలోని లె గాక్ ఆ బాధ్యత వహించాడు. కల్మెత్ అనే ఫాదరీ తెలుగు లిపిలో వ్రాసిన వేదప్రతులను సంపాదించి పంపాడు. నేటి మాటలలో చెప్పాలంటే, ఒక ప్రభుత్వ సంస్థ పోషణలో ఒక బృందం నెరవేర్చిన పరిశోధన అది. అయితే ఆ గ్రంథాలు చేజిక్కడానికి క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణులే తోడ్పడ్డారని కల్మెత్ స్వయంగా వ్రాశాడు. వారి పేర్లు మాత్రం వ్రాయలేదు.

గాస్తోం కేర్దూ కథ ఇంకను విచిత్రమైనది. 1732లో ఈ దేశానికి వచ్చిన ఈ ఫాదరీ తెలుగు నేర్చి, తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువును కూర్చాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిను భాషలకూ గల పోలికలను గూర్చి 1767లో ప్యారిస్ విద్వత్పరిషత్తుకు లేఖ వ్రాశాడు. అది అచ్చయినది 1808లో. ఈలోగా, 1786లో, కలకత్తాలో విలియం జోన్స్ చేసిన ప్రసంగమే లోకప్రసిద్ధమైనది. 1779లో కేర్దూ ఈ పట్టణంలోనే కన్నుమూశాడు.

హిందువుల ఆచారాలపై దుబ్వా అనే ఫాదరీ పేర వెలసిన గ్రంథం మీరు వినే ఉంటారు. దాని వ్రాతప్రతిని 1807లో ఈస్టిండియా కంపెనీ రెండువేల వరహాలిచ్చి కొన్నది. 1816లో ఆంగ్లానువాదం వెలువడినది. అందులోని విషయం చాలవరకు కేర్దూ రచనకు ఋణపడినదని సిల్వియా మూర్ అనే ఫ్రెంచి విదుషి 1987లో నిరూపించారు. వరహాలు ఒకరికి, పేరు ఒకరికి, శ్రమపడినవాడు మరొకరు!

ఇక నా మిత్రుల దరఖాస్తు. మొదటి చిక్కు ధనం ఎక్కడినుండి రావాలన్నది. విదేశీ విరాళాలను 2010 నాటి చట్టం నియంత్రిస్తున్నది. 2020 సవరణ ప్రకారం, అనుమతి పొందిన సంస్థ ఆ సొమ్మును మరొక సంస్థకు బదిలీ చేయరాదు. పరిపాలన వ్యయం నూటికి ఇరువది మించరాదు. మువ్వురూ మూడు చోట్లవారైన బృందానికి ఇది గట్టి ముడి. కనుక వారు స్వదేశీ నిధినే ఆశ్రయించారు. పూర్వికుల ఘనతను చాటడం కాక, ప్రతులను పరీక్షించి నిజం నిగ్గుదేల్చడమే తమ పని అని మొదటి పుటలోనే స్పష్టంగా వ్రాశారు. భక్తి వారి హృదయానిది. పరీక్షకు నిలువవలసినది ప్రమాణం.

రెండవ చిక్కు నా కంటబడినది. ప్రధాన పరిశోధకురాలు, సహపరిశోధకుడు అని రెండు పేర్లున్నాయి. పెద్దాయన మాత్రం 'ఇతర వ్యయములు' అన్న శీర్షిక క్రింద, రోజుకూలి పొందే లేఖకుడుగా మిగిలారు. పట్టా లేనివారి పేరు పరిశోధకుల పట్టికలో చేర్చితే దరఖాస్తు త్రోసివేస్తారేమోనని మిగిలిన ఇరువురి భయం. నేను కేర్దూ కథ చెప్పాను.

పెద్దాయన నవ్వి, "నా పేరెందుకు లెండి బాబూ! పని జరిగితే చాలదా?" అన్నారు.

అధ్యాపకురాలు కొంచెం సేపు ఆలోచించి, "అది కాదు మాస్టారూ! రేపు ఈ పాఠం సరియైనదేనా అని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పగలిగేది మీరొక్కరే. మీ పేరు లేకపోతే మా మాటకు పూచీ ఎవరు?" అన్నది.

ఆ మాటతో దరఖాస్తు స్వరూపమే మారినది. ఏ పని ఎవరిది, ఏ మాసంలో పూర్తి కావాలి, తప్పు దొర్లితే సంజాయిషీ ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు సమాధానంగా కొత్త పట్టిక తయారైనది. పెద్దాయన పేరు ఎదుట 'పాఠ పరిష్కర్త' అని వ్రాశారు. పట్టాకు బదులుగా ఆయన చదివి శుద్ధప్రతి సిద్ధం చేసిన నాలుగు పుటలను నమూనాగా జతపరిచారు.

కొన్ని మాసాలకు అనుమతి వచ్చినది, కోరిన మొత్తంలో సగానికి. ప్యారిస్ ప్రయాణం మానుకొని, ప్రతుల ఛాయాచిత్రాలు తెప్పించుకోవాలని వారు నిశ్చయించారు. పెద్దాయన పారితోషికంలో మాత్రం ఒక్క రూపాయి తగ్గించలేదు.

బృందంగా పనిచేయబూనే యువ పరిశోధకులకు నేను విన్నవించేది ఒక్కటే. సొమ్ము చేతికి రాకమునుపే పేర్లు నిర్ణయించుకోండి. వచ్చిన తరువాత ఆ సంభాషణ కష్టమవుతుంది. రెండువందల యేండ్ల తరువాతనైతే దానికొక కొత్త పరిశోధనే అవసరమవుతుంది.