అరుగు ఎవరిది?

మా యానాంలో తాతగారు కట్టించిన మండువా ఇల్లు ఒకటి ఉన్నది. 1986 గోదావరి వరద దాని అరుగులు ముంచి పోయింది. 1996 తుఫాను పెంకులు లేవగొట్టి పోయింది. ఆ రెండింటికీ తట్టుకున్న ఇల్లు ఇప్పుడు అన్నదమ్ముల మాటకు తట్టుకునేటట్టు కనబడలేదు. పడగొట్టి, అంతస్తులు లేపి, వాటాలు పంచుకుందామని తమ్ముడి పట్టు. తాతగారి ఇంటిమీద గునపం పడరాదని మా పట్టు.

తమ్ముడి పక్షాన న్యాయం లేకపోలేదు. చెన్నపట్నంలో స్థిరపడి పండుగకు పోయి రెండురోజులు ఉండి వచ్చేవాళ్ళం మేము. వానాకాలమంతా మండువా చుట్టూ గిన్నెలు పెట్టుకుని కాపురం చేసేది వాడూ, మరదలూను.

మొన్న వాళ్ళిద్దరూ ఏవో కాగితాల పనిమీద పుదుచ్చేరి వచ్చారు. మేమూ చెన్నపట్నంనుండి బస్సెక్కి వెళ్ళి కలుసుకున్నాము. పని ఉదయమే తెమిలింది. సాయంత్రం దాకా ఊరు చూతామని బయలుదేరాము.

ఆ ఊరిని పెద్దకాలువ రెండుగా చీలుస్తుంది. తూర్పున సముద్రపు వైపు ఒకనాటి ఫ్రెంచివారి పేట, పడమట తమిళుల పేట. ఫ్రెంచి ఇంటికి ఎత్తైన ప్రహరీ, మూసిన పెద్ద తలుపు. తమిళుల ఇల్లు వీధిలోకే ముఖం పెట్టి కూర్చుంటుంది. ముందు తిణ్ణై, దానిపైన వీధివైపు చాచిన వసారా కప్పు, లోపల ఆకాశం కనబడే ముంగిలి. వారి తిణ్ణై మన తిన్నెకు అక్కచెల్లెలే. మరదలు చూడగానే, "మన ఇల్లే కదండీ!" అన్నది.

వైశ్యాళ్ వీధి అని ఒకటున్నది. కాల్వే సుబ్బరాయ చెట్టి వీధి అని కూడా అంటారు. 2000 తరువాతి తొలి ఏళ్ళలో ఐరోపా సమాజపు సహాయంతో నడిచిన ఒక పథకం క్రింద, ఇంటాక్ సంస్థవారు పూనుకుని, అక్కడి ఇళ్ళ ముఖభాగాలను పాత తీరున బాగుచేయించారు. ఆ పనికి 2008లో యునెస్కోవారి ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఇంటి వసారా పక్కింటి వసారాను తాకుతూ పోతుంటే, బాటసారికి ఎండా వానా తగలని దారి ఏర్పడుతుంది. మధ్యలో ఒక్క ఇల్లు పోయినదా, ఆ నీడ అక్కడ తెగుతుంది. ఇల్లు మనదే గాని, అరుగు సగం వీధివారిదని మాకు అక్కడే తోచింది.

తమ్ముడు మాత్రం నవ్వి, "వీధికి ముఖం కడిగారు, బాగానే ఉన్నది. లోపల కాపురముండేవాళ్ళ మాటేమిటన్నయ్యా?" అన్నాడు. మేము జవాబు చెప్పలేకపోయాము.

ఆ జవాబు ఒక మేస్త్రి చెప్పాడు. పక్క వీధిలో ఒక పాత ఇంటికి గానుగ సున్నం పూస్తున్నారు. మేము నిలబడి చూస్తుంటే ఆయన దగ్గరకు పిలిచి చూపించాడు. సున్నంతో కట్టిన గోడ చెమ్మ పీల్చి, తిరిగి బయటికి వదులుతుందట. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పొంగి, ఇటుక పొడి అవుతుందట. దూలం చెడేది నడుమ కాదు, గోడలో దూరిన మొన దగ్గరనట. పైన నీరు కారే చోటు ముందుగా కట్టి, పుచ్చిన మొన కోసి కొత్త కర్ర అతికితే, దూలమంతా మార్చే పని చాలాసార్లు తప్పుతుందట. తమ్ముడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మూడేళ్ళనాడు మా గోడలకు సిమెంటు పూయించింది తానే. పూయించమని ఉత్తరం వ్రాసింది మేమే!

బజారు దగ్గర ఆనందరంగ పిళ్ళై మేడ చూచాము. డూప్లే దొరకు దుబాసీ అయిన పిళ్ళై (1709–1761) తన దినచర్యతో ప్రసిద్ధుడు. మన భాషకూ ఆయన ఆప్తుడే. కస్తూరి రంగకవి తెలుగు ఛందోగ్రంథం "ఆనందరంగరాట్ఛందము" ఆయన పేరనే వెలసింది. మేడ క్రింద చెక్కడపు కర్ర స్తంభాలు మన తీరు, పైన తెల్లని గచ్చు స్తంభాలు ఫ్రెంచి తీరు. ఒకే ఇంట్లో రెండు కాలాలు కలహించకుండా కాపురం చేస్తున్నాయి.

పొద్దు వాలేవేళకు సముద్రపుటొడ్డున మేరీ భవనం ముందు కూర్చున్నాము. అది పందొమ్మిదవ శతాబ్దపు పురపాలక భవనం. బాగు చేయాలని అందరూ అనుకుంటూండగానే 2014 నవంబరు వానలకు కూలిపోయింది. మళ్ళీ అదే రూపున కట్టి 2021లో తెరిచారు. చూడ ముచ్చటగానే ఉన్నది. అయినా పాతది గునపంతో పోలేదు, ఆలస్యంతో పోయిందన్న తలపు మమ్మల్ని కుదిపింది. మేమూ "పడగొట్టరాదు" అంటూ పదేళ్ళు గడిపాము గాని, ఒక్క పెంకు మార్పించామా?

మరదలు అప్పటిదాకా మాట్లాడలేదు. "బావగారూ, నాకు మేడలు వద్దు. కారని కప్పు, లోపలే ఒక స్నానాల గది, పిల్లలు చదువుకోను ఒక గది. ఇవి ఇస్తే ఆ ఇల్లు నేనే కాపాడుతాను" అన్నది.

ఇసుకలో పుల్లతో గీత గీశాము. వీధి అరుగు, మండువా, ముందు గదులు అలాగే ఉండాలి. వెనుక కూలిన పశువుల సాల తీసి అక్కడ కొత్త గదులు కట్టాలి. సిమెంటు గీకించి సున్నం పూయించాలి. పైకప్పు, గోడల ఖర్చు మాది, వెనుక గదుల ఖర్చు తమ్ముడిది. ఉంచుదామన్నవాడే ముందుగా మూట విప్పడం ధర్మమని మేము ఒప్పుకున్నాము. వాటాల సంగతి కాగితంమీద పెట్టుకుందామని వాడు ఒప్పుకున్నాడు.

చదువరులలో చాలమందికి ఇటువంటి ఇల్లు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. ఉంచటమా, తీయటమా అని వాదించుకునే ముందు ఒక వానాకాలపు రాత్రి ఆ ఇంట్లో పడుకుని చూడండి. కప్పు ఎక్కడ కారుతుందో తెలుస్తుంది. ఎవరు ఏమి చేయాలో కూడా తెలుస్తుంది.