ఇసుక మింగుతున్న స్టార్‌వార్స్ ఊరు!

గుమ్మటాల్లాంటి ఇళ్లు. వాటి మధ్య ఇరుకు సందులు. గోడల నిండా ఎందుకో తెలియని గొట్టాలూ మీటలూ. వీధిలో రాకెట్లను తలపించే ఎత్తయిన స్తంభాలు. చుట్టూ కనుచూపు మేరా ఇసుకే. ఈ ఊళ్లో ఏనాడూ ఎవరూ కాపురం ఉన్నది లేదు. అయినా దీన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కొందరైతే గోధుమరంగు అంగీ తొడుక్కుని, ప్లాస్టిక్ కత్తి దూసి మరీ ఫొటోలు దిగుతారు!

ఆ ఊరి పేరు మోస్ ఎస్పా. ఉత్తరాఫ్రికాలోని ట్యునీషియాలో, నఫ్తా పట్టణానికి దగ్గర్లో, సహారా అంచున ఉంది. 1999లో వచ్చిన ‘స్టార్‌వార్స్’ సినిమా ‘ది ఫాంటమ్ మెనేస్’ కోసం వేసిన సెట్ అది. షూటింగ్ అయిపోయాక సెట్లు పీకేయడం రివాజు. ఇక్కడ మాత్రం అలాగే వదిలేశారు. అదిప్పుడు ఆ ప్రాంతంలోని గైడ్లకూ జీపు డ్రైవర్లకూ తాయెత్తులూ శాలువాలూ అమ్ముకునేవాళ్లకూ బతుకుతెరువు.

అప్పుడు ఎవరూ నమ్మలేదు

ట్యునీషియాకూ స్టార్‌వార్స్‌కూ బంధం అంతకన్నా పాతది. దర్శకుడు జార్జ్ లూకాస్ తన కథ పట్టుకుని తిరుగుతున్నప్పుడు రెండు పెద్ద స్టూడియోలు కాదు పొమ్మన్నాయి. అంతరిక్షం, మరమనుషులు, కాంతి కత్తులు... పెద్దవాళ్లు ఇలాంటివి చూస్తారా అన్నది వాళ్ల అనుమానం. చివరికి ట్వంటీయెత్ సెంచురీ ఫాక్స్ సరేనంది. కథలోని ఎడారి గ్రహం కోసం వెతుకుతూ సినిమా బృందం ట్యునీషియా చేరింది.

1976 మార్చి 22న చోట్ ఎల్ జెరీద్ అనే ఉప్పు మైదానంలో తొలి షాట్ తీశారు. ఆ వెంటనే కష్టాలు మొదలయ్యాయి. ఎడారిలో వాన! రిమోట్‌తో నడవాల్సిన మరమనుషులు మొరాయించాయి. అయినా పని ఆగలేదు. 1977 మే 25న అమెరికాలో మొదట ముప్పైకి పైగా థియేటర్లలో మాత్రమే విడుదలైన ఆ సినిమా కాసుల వర్షం కురిపించింది. హీరో ల్యూక్ స్కైవాకర్ ఇంటి బయట నిలబడి, అస్తమిస్తున్న ఇద్దరు సూర్యుల్ని చూసే దృశ్యం ఎంతోమందికి గుర్తుండిపోయింది. ఆ నేల ఈ ఉప్పు మైదానమే.

ఆ గ్రహం పేరు ‘టాటూయిన్’ కూడా ఇక్కడిదే. దక్షిణ ట్యునీషియాలో ‘తతావీన్’ అనే పట్టణం ఉంది. స్థానిక అమాజిగ్ భాషలో ఆ మాటకు ‘నీటి ఊటలు’ అని అర్థం. చుక్క నీటికి కటకటలాడే గ్రహానికి ఊటల పేరు!

నేల లోపల హోటల్

లూకాస్ బృందం చేసిన తెలివైన పని ఏమిటంటే, తొలి సినిమాకు చాలాచోట్ల కొత్తగా ఏమీ కట్టలేదు. జనం ఉన్న ఇళ్లనే వాడుకుంది. మత్మాతా అనే ఊళ్లో ఎండ తట్టుకోవడానికి నేలలో పెద్ద గొయ్యి తవ్వి, దాని గోడల్లోకి గదులు తొలుచుకుంటారు. పైనుంచి చూస్తే బావిలా ఉంటుంది. అడుగున వాకిలి, చుట్టూ గదులు. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటాయి. అలాంటి ఇళ్లతో ఏర్పడిందే సిదీ ద్రిస్ హోటల్. ల్యూక్ తన మామయ్యా అత్తయ్యలతో కలిసి భోంచేసే ఇల్లు ఇదే. ఆనాటి రంగుల చిత్రాన్ని ఆ గది పైకప్పు మీద ఇప్పటికీ చూడొచ్చు.

ఇక్కడికి తూర్పున సముద్రంలో ఉన్న జెర్బా దీవికి 2023లో యునెస్కో వారసత్వ హోదా దక్కింది. ఆ దీవిలోని అజీమ్ రేవులో పాతకాలపు తెల్లటి కట్టడాలే సినిమాలో మోస్ ఐస్లీ నగరమయ్యాయి. తతావీన్ దగ్గరున్న క్సార్ హదాదాలో తేనెపట్టు గదుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గాదెల్ని 1999 సినిమాలో బానిసల వాడగా చూపించారు. ఊరివాళ్లు ధాన్యం దాచుకోవడానికి కట్టుకున్నవి అవి. సినిమా రాకముందూ ఉన్నాయి, వెళ్లాకా నిలిచాయి.

దిబ్బ నడిచొస్తోంది

మోస్ ఎస్పా సంగతి వేరు. అది అవసరం కోసం కట్టిన ఊరు కాదు, కెమెరా కోసం కట్టింది. 1997లో షూటింగ్ జరుగుతుండగానే గాలివాన సెట్లను పాడుచేసింది. తర్వాత ముప్పు ఇసుక రూపంలో వచ్చింది. ఇక్కడి దిబ్బలు నెలవంక ఆకారంలో ఉంటాయి. గాలి వీచే వైపు నుంచి ఇసుక రేణువులు పైకెక్కి అవతలి వైపు జారుతుంటే, దిబ్బ మొత్తం కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతుంది. ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టిన శాస్త్రవేత్తలు, మోస్ ఎస్పా మీదికి వస్తున్న దిబ్బ ఏడాదికి సుమారు 15 మీటర్లు కదులుతోందని 2013లో తేల్చారు. కదలని ఇళ్లు ఉండటంతో, దిబ్బ వేగాన్ని కొలవడానికి సినిమా సెట్టే వాళ్లకు కొలబద్ద అయింది!

2011 విప్లవం తర్వాత ట్యునీషియాకు పర్యటకులు తగ్గారు. 2015లో జరిగిన ఉగ్రదాడులు మరింత దెబ్బతీశాయి. ఆ గడ్డుకాలంలో ఈ ఊళ్లను ఆదుకున్నవాళ్లలో అభిమానులూ ఉన్నారు. ఉప్పు మైదానంలో శిథిలమైపోతున్న ల్యూక్ ఇంటి గుమ్మటాన్ని 2012లో విదేశీ అభిమానుల బృందం ఒకటి చందాలు పోగుచేసి, స్వయంగా వచ్చి, సున్నం కొట్టి నిలబెట్టింది. 2014లో మోస్ ఎస్పాలో పేరుకున్న ఇసుకనూ తోడిపోశారు. అయినా గాలి ఆగదు కదా!

పాతదాన్ని ఇలా తోడుకుంటూ కాపాడుకోవడమా, దాన్ని వదిలి కొత్తచోట కట్టుకోవడమా? ఈ ప్రశ్న స్టార్‌వార్స్ సినిమాలకూ తప్పలేదు.

జ్ఞాపకమా... సాహసమా?

2012లో డిస్నీ సంస్థ 405 కోట్ల డాలర్లకు లూకాస్‌ఫిల్మ్‌ను కొనేసింది. 2015లో వచ్చిన ‘ది ఫోర్స్ అవేకెన్స్’లో మళ్లీ ఓ ఎడారి గ్రహం, మళ్లీ అక్కడో ఒంటరి పిల్ల, మళ్లీ రహస్యాన్ని మోసుకొచ్చే మరమనిషి, మళ్లీ గ్రహాల్ని పేల్చేసే ఆయుధం. ఎడారి మాత్రం ట్యునీషియాది కాదు, అబుదాబిది. పాత జ్ఞాపకాలు పనిచేశాయి. వసూళ్లు 200 కోట్ల డాలర్లు దాటాయి. అది పాతకాలపు సినిమాలా ఉందనీ, తాను ప్రతిసారీ కొత్త లోకాన్ని చూపాలనుకునేవాణ్ననీ లూకాస్ పెదవి విరిచాడు.

2017లో దర్శకుడు రియాన్ జాన్సన్ ‘ది లాస్ట్ జెడై’లో సాహసం చేశాడు. అభిమానులు నలభై ఏళ్లు కొలిచిన ల్యూక్‌ను ఓడిపోయి, విసిగిపోయి దీవిలో దాక్కున్న ముసలివాడిగా చూపించాడు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు భగ్గుమన్నారు. దాంతో 2019లో వచ్చిన సినిమా వెనక్కి తగ్గింది. చచ్చిపోయాడనుకున్న పాత విలన్‌ను బతికించి తెచ్చింది. కథను తీసుకెళ్లి ల్యూక్ పాత ఇంటి ముందు, ఆ ఇద్దరు సూర్యుల కిందే ముగించింది. వంద కోట్ల డాలర్లు దాటినా, ముందు రెండు సినిమాలకన్నా వసూళ్లు తక్కువే.

విశేషమేమిటంటే, ఆ తర్వాత విమర్శకులు నెత్తిన పెట్టుకున్నది 2022, 2025లలో వచ్చిన ‘ఆండోర్’ సిరీస్‌ను. అందులో కాంతి కత్తులు లేవు, టాటూయిన్ లేదు. భయపడుతూనే ప్రభుత్వానికి ఎదురుతిరిగే మామూలు మనుషులే ఉన్నారు. దాని రచనకు ఎమ్మీ అవార్డు దక్కింది. జనం 1977 నాటి సినిమాను ఇప్పటికీ తలచుకుంటున్నారంటే, అది అప్పట్లో ఎవరూ చూడనిది కావడమే కారణం. దాన్ని అలాగే మళ్లీ తీస్తే ఆ మొదటి ఆశ్చర్యం ఒక్కటే ఉండదు!

వెళ్లాలంటే...

రాజధాని ట్యునిస్ నుంచి దేశీయ విమానంలోగానీ రోడ్డు మీదగానీ తొజూర్ చేరుకోవచ్చు. రోడ్డుదారి 400 కిలోమీటర్ల పైనే. అక్కణ్నుంచి నఫ్తా మీదుగా మోస్ ఎస్పాకి జీపులు దొరుకుతాయి. చోట్ ఎల్ జెరీద్ మీదుగా సాగే రోడ్డెక్కితే రెండువైపులా తెల్లగా ఉప్పే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి నవంబరు నుంచి మార్చి దాకా అనువైన కాలం. వచ్చేటప్పుడు తొజూర్ తోటల్లో పండే ‘దగ్లెత్ నూర్’ ఖర్జూరాలు తెచ్చుకోవడం మరవకూడదు.

మత్మాతా ఇళ్లనూ హదాదా గాదెల్నీ తీరిగ్గా చూడొచ్చు, అవెక్కడికీ పోవు. మోస్ ఎస్పాకి మాత్రం త్వరగా వెళ్లడమే మంచిది. దిబ్బ ఎవరి కోసమూ ఆగదు!