బాపు, నేను, కోల్డ్‌ప్లే: భీమ్‌గల్ నుంచి నేరుల్ దాకా

"పాటలు వినుడానికి బొంబాయి దాకా పోవుడేందిరా?"

సంక్రాంతి రోజు పొద్దున సకినాలు తింటూ బాపు అడిగిన ప్రశ్న ఇది. తారీఖు 2025 జనవరి 14. మా భీమ్‌గల్‌లో ఆరోజు అందరి నోటా ఒకటే ముచ్చట, నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైందని. మా ఆర్మూర్, బాల్కొండ వైపు రైతులు ఏళ్ల తరబడి అడిగిన బోర్డు అది. ఊరి వాట్సాప్ గ్రూపుల నిండా పసుపు కొమ్ముల ఫొటోలే. నా ఫోన్‌లో మాత్రం వేరే పసుపు, ‘యెల్లో’ అనే పాట. ఇంకో ఐదు రోజుల్లో ఆ పాట పాడే బ్యాండ్‌ని నవీ ముంబైలో కళ్లారా చూడబోతున్నా.

టికెట్ల కథ మీకు తెలిసిందే. 2024 సెప్టెంబర్ 22 మధ్యాహ్నం పన్నెండు గంటలకు దేశంలో సగం మంది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ఆఫీసు పని మీద లేరు, క్యూలో ఉన్నారు. కోటి మందికి పైగా లాగిన్ అయ్యారని అప్పుడు వార్తలొచ్చాయి. 2,500 రూపాయల నుంచి 35,000 దాకా రేట్లు. బ్లాకులో లక్షలు పలికాయి, చివరికి ఈడీ సోదాలు కూడా జరిగాయి. నాకు ఎలాగో 4,500 చొప్పున రెండు దొరికాయి. రెండోది నా రూమ్మేట్‌కి. వాడికి సరిగ్గా ఆ వారమే ప్రాజెక్ట్ రిలీజ్ పడింది, రానన్నాడు.

"మరి నువ్వొస్తావా బాపూ?" అని సరదాకే అడిగాను.

బాపు సకినం పక్కన పెట్టి, "టికెట్ ఎంత?" అన్నాడు. చెప్పాను. లెక్క వేసుకున్నాడు. "రెండు కలిపితే తొమ్మిది వేలు. దుబాయిల నా మొదటి జీతం గంత లేకుండెరా" అన్నాడు. కాసేపాగి, "వస్త తియ్యి. బొంబాయి చూసి శాన ఏండ్లాయె" అన్నాడు.

నోకియా ఫోన్‌లో వచ్చిన బ్యాండ్

మా ఇంట్లో ‘దుబాయి’ అంటే నిజానికి అబుదాబి. మా దగ్గర గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటారు. బాపు 1999లో పోయాడు, అప్పుడు నాకు రెండేళ్లు. ముసఫ్ఫా లేబర్ క్యాంపులో ఉంటూ పద్నాలుగేళ్లు స్కాఫోల్డింగ్ పని చేశాడు. పెద్ద పెద్ద బిల్డింగులు కట్టేటప్పుడు చుట్టూ ఇనుప పైపులు బిగిస్తారే, ఆ పని. మొదటి జీతం 700 దిర్హాములు, అప్పటి లెక్కన ఎనిమిది వేల చిల్లర.

2010లో సెలవు మీద వచ్చినప్పుడు నాకు నోకియా ఫోన్ తెచ్చాడు. మెమరీ కార్డులో పాటలు వేయించమంటే, అక్కడి షాపు పిల్లగాడు వాడికి నచ్చినవన్నీ నింపేశాడు. అరబ్బీ పాటలు, మలయాళం పాటలు, మధ్యలో ఓ ఆరు ఇంగ్లిష్ పాటలు. అందులో ‘యెల్లో’, ‘ఫిక్స్ యు’, ‘వివా లా విడా’ ఉన్నాయి. తొమ్మిదో పదో చదివే పిల్లాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ కరెంటు పోయిన రాత్రుళ్లు డాబా మీద పడుకుని అవే వినేవాణ్ని. బ్యాండ్ పేరు కోల్డ్‌ప్లే అని తెలిసింది ఇంజినీరింగ్ హాస్టల్‌కి వచ్చాకే.

లండన్‌లో యూనివర్సిటీ కాలేజీలో కలిసిన నలుగురు కుర్రాళ్లు, క్రిస్ మార్టిన్, జానీ బక్‌ల్యాండ్, గై బెరీమన్, విల్ చాంపియన్, ఇరవై ఐదేళ్లు దాటినా విడిపోకుండా ఆడుతున్న బ్యాండ్ అది. మొదటి ఆల్బమ్ 2000లో వచ్చింది. ‘మ్యూజిక్ ఆఫ్ ది స్పియర్స్’ టూర్ 2022 మార్చిలో కోస్టారికాలో మొదలై దేశాలు తిరిగింది. 2024 అయ్యేసరికి కోటికి పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. మన దగ్గరికి రాకముందు 2025 జనవరి 9, 11, 12, 14 తారీఖుల్లో వాళ్లు ఆడింది ఎక్కడో తెలుసా? అబుదాబి జాయెద్ స్పోర్ట్స్ సిటీ స్టేడియంలో. ఆ తర్వాత ముంబై.

అబుదాబి, ముంబై. మా ఊరి వాళ్లకు బాగా తెలిసిన దారే.

దేవగిరి ఎక్స్‌ప్రెస్

తెలంగాణలో పాత మాట ఒకటుంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. బతుకుదెరువుకు మనకున్న మూడు దారులు. కామాఠిపుర అనే పేరు మనవైపు నుంచి కూలికి పోయిన కమాటీల వల్లే వచ్చింది. భివండి మరమగ్గాల మీద తరతరాలుగా మన పద్మశాలీలున్నారు. గల్ఫ్ దారి తెరుచుకున్నాక కూడా చాలాకాలం వీసా, ఇమిగ్రేషన్ స్టాంపింగ్, విమానం అన్నీ బొంబాయిలోనే.

17న ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ చేరి దేవగిరి ఎక్కాం. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి కల్యాణ్. ఫ్లైట్‌లో పోదామంటే బాపు వద్దన్నాడు. జానకంపేట దగ్గర బోధన్ లైను విడిపోతుంది. బాపు అటే చూస్తూ, "మీ మేనమామ గీ లైన్ల పోయేటోడు, షుగర్ ఫ్యాక్టరీకి" అన్నాడు. నిజాం కాలంలో 1937లో పుట్టిన ఫ్యాక్టరీ అది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఆ మరుసటి ఏడే మామ కూడా మస్కట్ పోయాడు.

బాసర వంతెన మీద బాపు గోదావరిలో రూపాయి బిళ్ల వేశాడు. అప్పుడు మొదలుపెట్టాడు.

"1999ల గీ తొవ్వలనే పోయిన. మీ అమ్మకు వారం దినాల్ల విమానం అని చెప్పిన. ఆ విమానం ఎక్కింది మూడు నెల్లకు."

నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో బాపు అబుదాబి పోయిన తేదీ అంటే ఇల్లు వదిలిన తేదీయే. మధ్యలో మూడు నెలలున్నాయని ఎవరికీ తెలియదు.

"ఏజెంటు పైసలు తీస్కొని కనపడకుండ పోయిండు. డోంగ్రీల ఒక్క రూముల పదహారు మందిమి. ఇంటికొద్దామంటే అప్పు తెచ్చిన నలభై వేలు. మొఖం ఎట్ల చూపియ్యాలె? మసీద్ బందర్‌ల మూటలు మోసిన. ఇంకో ఏజెంటును పట్టుకుని పోయిన."

"ఇన్నేళ్లు అమ్మకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమొస్తది? ఏడుస్తది."

తర్వాత మా ఇద్దరి మధ్య నాందేడ్ దాకా మాటల్లేవు. పర్భణీ దగ్గర బాపు నిద్రపోయాడు. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా, పాట ఏదీ పెట్టలేదు.

గేటు దగ్గర సకినాలు

కల్యాణ్‌లో దిగి భివండిలో మా చిన్నత్త ఇంట్లో రెండు రాత్రులు. 19న ఆదివారం ఠాణే వచ్చి, ట్రాన్స్‌హార్బర్ లోకల్‌లో నేరుల్. రైలు నిండా మన వయసోళ్లే. మెరుపులు పూసుకున్న మొహాలు, రంగురంగుల టీషర్టులు. మధ్యలో తెల్ల అంగీ, భుజం మీద తువ్వాలతో మా బాపు.

డీవై పాటిల్ స్టేడియం చూస్తే మీరూ గుర్తుపడతారు. 2008లో మొట్టమొదటి ఐపీఎల్ ఫైనల్ జరిగింది ఇక్కడే. యాభై వేల మందికి పైగా పడతారు. గేటు దగ్గర బయటి తిండి లోపలికి రానివ్వమన్నారు. అమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా పారేయాలంటే బాపు ఒప్పుకోలేదు. పక్కకు జరిగి నిలబడి, లైన్లో ఉన్నవాళ్లకు పంచిపెట్టాడు. నాసిక్ నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు తింటూ "అంకుల్, యే చక్లీ హై?" అన్నారు. "చక్లీ నై, సకినం" అని గల్ఫ్ హిందీలో బాపు వివరించాడు.

లోపలికి పోయేటప్పుడు ప్రతి ఒక్కరి చేతికి ఒక తెల్ల బ్యాండ్ ఇస్తారు. మొక్కల నుంచి తీసిన పదార్థంతో చేసినవి, అయిపోయాక తిరిగిచ్చేయాలి, తర్వాతి ఊళ్లో మళ్లీ వాడతారు. కింద నేల మీద జనం ఎగిరితే కరెంటు పుట్టే పలకలు, తొక్కితే బ్యాటరీ ఎక్కే సైకిళ్లు ఉన్నాయి. కిందటి స్టేడియం టూర్‌తో పోలిస్తే ఒక్కో షోకు కార్బన్ ఉద్గారాలు 59 శాతం తగ్గాయని బ్యాండ్ ప్రకటించింది. టికెట్‌కో చెట్టు నాటిస్తామని కూడా మాటిచ్చారు.

ముందు జస్లీన్ రాయల్, ఎల్యానా పాడారు. చీకటి పడ్డాక కోల్డ్‌ప్లే వచ్చింది. ఒక్కసారి అందరి చేతులూ వెలిగాయి.

"గిదెట్ల వెలుగుతుందిరా? నేనేం నొక్కలే."

చెప్పాను. స్టేడియం చుట్టూ ఉన్న దీపాల నుంచి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి వస్తుంది, టీవీ రిమోట్‌లో ఉండేదే. బ్యాండ్‌లోని చిన్న సెన్సర్ దాన్ని అందుకుని రంగు మారుస్తుంది. ఫోన్‌తో కలపాల్సిన పని లేదు. బాపు తలూపాడు. కానీ ఆయన చూపు చేతి మీద లేదు, స్టేజీ మీదా లేదు. ఆ పైన దీపాలు, స్పీకర్లు వేలాడదీసిన ఇనుప కట్టడం మీద ఉంది.

"మంచిగ కట్టిండ్రు. గా క్రాస్ పైపు చూడు, దాని మీదనే బరువంత. గాలి వస్తె గదే ఆపుతది."

చుట్టూ యాభై వేల మంది ‘పారడైజ్’ పాడుతుంటే మా బాపు కప్లింగులు లెక్కపెడుతున్నాడు. నాకు కొంచెం చిరాకు వేసింది, దాచను. నాలుగు నెలలు ఎదురుచూసిన రోజు ఇది.

‘యెల్లో’ మొదలైంది. స్టేడియం అంతా పసుపు. కింది నుంచి పై వరస దాకా ఒకటే రంగు. బాపు నా భుజం తట్టి, "గిది ఆ ఫోన్‌లదే కదా?" అన్నాడు.

"ఏ ఫోన్?"

"నేను తెచ్చిందే. డాబా మీద పెట్టుకునేటోనివి. నిద్ర పట్టకపోయేది నాకు."

సెలవు మీద వచ్చిన ఆ నలభై రోజులూ ఆయన కింద మంచంలో మేలుకుని ఉన్నాడని నాకు తెలియదు. నేను తలెత్తి ముందుకు చూస్తూ పాడాను. గొంతు సరిగా రాలేదు.

‘ఎ స్కై ఫుల్ ఆఫ్ స్టార్స్’ మధ్యలో క్రిస్ మార్టిన్ పాట ఆపేసి, ఫోన్లు జేబులో పెట్టమన్నాడు. ఈ టూర్‌లో ఇది మామూలే, వీడియోల్లో చాలాసార్లు చూశాను. అయినా నిజంగా పెట్టేశాక తేడా తెలిసింది. ఆ ఒక్క పాటకు బాపు కూడా లేచి చేతులెత్తాడు.

అయిపోయాక జనం బయటికి కదిలారు. బాపు కదల్లేదు. "ఆగు, పనోళ్లు వస్తరు" అన్నాడు. నిజంగానే కాసేపటికి హెల్మెట్లు, బెల్టులు వేసుకున్న మనుషులు ఒక్కొక్కరే వచ్చారు. 21న ఇక్కడ ఆఖరి షో, 25న అహ్మదాబాద్‌లో. మధ్యలో నాలుగే రోజులు. సెక్యూరిటీ వాళ్లు లేపేదాకా బాపు వాళ్లనే చూశాడు. గేటు దగ్గర డబ్బాలో బ్యాండ్ వేస్తూ, "నీది ఇంటికి తెచ్చుకుంటవా?" అని అడిగాడు. వద్దన్నాను. ఇద్దరం వేసేశాం.

డోంగ్రీలో ఒక సందు

20న నేను చెప్పకుండానే బాపు, "శాండ్‌హర్స్ట్ రోడ్ టేషన్ల దిగుదాం" అన్నాడు. డోంగ్రీ సందుల్లో గంటసేపు తిరిగాం. ఆ రూమున్న బిల్డింగు దొరకలేదు. ఇదే సందు అనుకున్నచోట ఫోన్ కవర్లు అమ్మే షాపుంది, పైన కొత్త అంతస్తులు. ఎదురుగా ఇరానీ చాయ్ తాగాం. "గప్పుడు పొద్దుగాల ఒక చాయ్, బన్ను. మళ్ల రాత్రికే" అన్నాడు. అంతకు మించి ఏం చెప్పలేదు. ఫొటో తీయనా అంటే వద్దన్నాడు.

చాయ్ పైసలు నేనిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి తనే ఇచ్చాడు.

మళ్లీ భీమ్‌గల్

26న ఆదివారం అహ్మదాబాద్ షో హాట్‌స్టార్‌లో లైవ్ వచ్చింది. లక్ష మందికి పైగా పట్టే నరేంద్ర మోదీ స్టేడియం, పైగా గణతంత్ర దినోత్సవం, ‘వందేమాతరం’ కూడా పాడారు. నేను ఆ వారం ఇంటి నుంచే పని చేస్తున్నా. టీవీకి కనెక్ట్ చేస్తే అమ్మ, పక్కింటి వాళ్లు వచ్చి కూర్చున్నారు.

"గింత దూరం గిందుకే పోయిండ్రా?" అంది అమ్మ.

బాపు లేచి టీవీ దగ్గరికి పోయి, స్టేజీ పైకప్పు మీద వేలు పెట్టాడు. "పాట ఇడిసిపెట్టు. గిది చూడు. ఇదంత బొంబాయిల మేం చూసిందే. విప్పి, లారీలకెక్కిచ్చి, గాడ మళ్ల కట్టిండ్రు, నాలుగు రోజుల్ల." పక్కింటాయనకు ఏ పైపు ఎక్కడ బిగిస్తారో చెప్పడం మొదలుపెట్టాడు. డోంగ్రీ ముచ్చట మాత్రం రాలేదు. నేనూ ఎత్తలేదు. అది ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో ఆయన ఇష్టం.

తెల్లారి చేన్లో పసుపు తవ్వకానికి కూలోళ్లు రావాలి. షో సగంలోనే బాపు పోయి పడుకున్నాడు. నేను మిగతాది సౌండ్ తగ్గించి చూశాను.