ముప్పయ్యేళ్ల దగ్గర ఆగిన కథ

ఆదిభట్ల నారాయణదాసు ఆత్మకథ ‘నా యెరుక’ చదవడం ముగించాక తీరని వెలితి మిగిలింది. మాట సొగసుకు లోటు లేదు. కానీ కథ ఆయన ముప్పయ్యేళ్ల వయసు దగ్గరే ఆగిపోయింది. 1864లో పుట్టి 1945 దాకా జీవించిన హరికథా పితామహుడాయన. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడయ్యారు. ఆ పెద్దరికపు ఏళ్లన్నీ పుస్తకానికి బయటే ఉండిపోయాయి. శిష్యులకు పాఠం ఎలా చెప్పారో, వయసు మీదపడ్డాక గొంతును ఎలా కాపాడుకున్నారో ఆయన మాటల్లోనే వినాలని ఆశపడ్డాను.

పూతలపట్టులో ఉండే నాకు ఈ వెలితి మరీ తెలుస్తుంది. మా చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం ఉత్సవాలు జరిగినన్నాళ్లూ మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధినాటకం. గజ్జె కట్టి, చిరతలు పట్టి, పర్వాలకు పర్వాలు నోటికి చెప్పే భాగవతార్లు ఎవరి దగ్గర నేర్చారో, పంటలు పోయిన ఏడు ఎలా బతికారో చాలామంది విషయంలో ఎక్కడా రాసి లేదు. నారాయణదాసుగారు సగం బతుకైనా రాసిపెట్టారు. వీళ్లకు ఆ సగమూ లేదు.

ఈసారి మీ ఊళ్లో భారతం జరిగితే, కథ అయ్యాక భాగవతార్‌ను కూర్చోబెట్టి ఆయన బతుకు అడగండి. చెప్పిందంతా ఫోన్‌లో రికార్డు చేసి దాచండి.