ఏది అసలు టీ?



అత్తిలిలో ఆదివారం ఆరాధన అయ్యాక టీ కాయడం చిన్న పని కాదు. నీళ్లలో టీ పొడి, దంచిన అల్లం బాగా మరిగాకే పాలు పోయాలంటారు అమ్మగారు. చుక్క నీళ్లు కలిపినా గేదె పాలకు అవమానమంటారు సంఘ పెద్దలు. "అన్నీ పాలే అయితే టీ ఏంటండీ, పాయసం!" అంటారు యవనస్థులు. బెల్లం వేస్తే పాలు విరిగిపోతాయని ఒకరు, పొయ్యి మీంచి దించాక వేస్తే విరగవని ఇంకొకరు. హైదరాబాదులో పనిచేస్తూ క్రిస్మస్‌కి వచ్చేవారికైతే డికాషన్, పాలు వేరువేరుగా కాచి కలిపే ఇరానీ చాయే చాయ్.

ఈ తగువు మన ఊరిదే కాదు. బీహారులోని మోతీహారిలో పుట్టిన ఆంగ్ల రచయిత జార్జి ఆర్వెల్ 1946లో మంచి టీకి 11 నియమాలు రాశారు. కప్పులో ముందు టీ, తర్వాతే పాలు. పంచదార వద్దే వద్దన్నారు. ఆ మాట మన పెద్దమ్మల ముందు అనుంటే తెలిసేది!

ఇలా నవ్వుకుంటాం. కానీ మా పెద్దలకు ఈ నవ్వు దక్కలేదు. టీ కొట్టు దగ్గర వారికి వేరే గ్లాసు. తాగి, తామే కడిగి పెట్టాలి. అలా నిలబడ్డవారికి పంచదార చాలలేదని చెప్పే చనువు ఎక్కడిది? రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటళ్లలో అందరి కోసం ఉంచిన పాత్రలను అంటరానితనం పేరుతో కొందరిని వాడనివ్వకపోతే నేరమని 1955లో చట్టం వచ్చింది. అయినా గ్లాసులు ఒక్కరోజులో కలవలేదు.

తిండి విషయంలో ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దని రోమా పత్రిక 14వ అధ్యాయంలో బతిమాలిన పౌలు గారే, గలతీ పత్రిక 2వ అధ్యాయంలో పేతురు గారిని అందరి ముందూ నిలదీశారు. ఎందుకు? అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్న పేతురు గారు, కొందరు రాగానే పక్కకు తప్పుకున్నారు. ఏం తింటామన్నది పౌలు గారికి సర్దుకుపోయే సంగతి. ఎవరితో కూర్చోమన్నది మాత్రం సువార్తకు సంబంధించిన సంగతి.

ప్రియులారా, అల్లమా, బెల్లమా అని ఎంతైనా వాదించుకుందాం. అది ఒకే బల్ల దగ్గర కూర్చున్నవారి వాదన. ఇంటికి వెళ్లాక మాత్రం ఒకసారి వంటగది చూసుకుందాం. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మకు టీ ఏ గ్లాసులో ఇస్తున్నాం?