కనబడని మేఘముల లెక్క

మబ్బును చూచి విత్తనాలు చల్లే ఇంట పుట్టినదానిని నేను. పడమట నల్లబడితే చాలు, మా నాన్నగారు కళ్లంలోని ధాన్యం మీద పట్టాలు కప్పించేవారు. ఒక్కోసారి ఆ మబ్బు చినుకైనా రాల్చక వెళ్లిపోయేది. కంటి ఎదుటి మబ్బే ఇట్లుంటే, సౌరకుటుంబమునకు ఆవల ఉన్న గ్రహముల మీది మేఘములను శాస్త్రజ్ఞులు ఎలా లెక్క కడతారో తెలిసికోవాలనిపించింది.

మన సూర్యుని వంటి మరొక నక్షత్రము చుట్టూ తిరిగే గ్రహమును మొదటిసారి 1995లో మేయర్, కెలోజ్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇప్పుడు అటువంటివి వేలకొలది తెలిసినవి. గ్రహము తన నక్షత్రమునకు అడ్డముగా నడిచేటప్పుడు, ఆ వెలుగులో కొంచెము దాని గాలిపొరల గుండా మనకు చేరుతుంది. గాలిలోని ఒక్కొక్క వాయువు ఆ వెలుగులో తనకు తగిన రంగులను మింగివేస్తుంది. అదే మనకు దొరికే ఆనవాలు.

ఇక కంప్యూటరులో ఆ గాలిని పొరలు పొరలుగా విడదీస్తారు. ఏ పొరలో ఎంత వేడి? ఆ వేడికి ఏ పదార్థము మేఘముగా పేరుకొంటుంది? దాని రేణువులు ఎంత వేగముగా దిగుతాయి? గాలి వాటిని ఎంత ఎత్తుకు లేపుతుంది? ఇవన్నీ లెక్కించి, వచ్చే వెలుగు ఎలా ఉండాలో గీత గీస్తారు. టెలిస్కోపు చూపిన గీతతో అది కలవకపోతే, దిద్దవలసినది లెక్కనే గదా!

జీజే 1214 బి అనే గ్రహమును హబుల్ టెలిస్కోపు పదే పదే పరిశీలించగా, ఏ ఆనవాలూ లేని చదునైన గీతే వచ్చిందని 2014లో ప్రకటించారు. ఎత్తున ఉన్న మబ్బు తెరవలె కప్పివేసినది. 2021 క్రిస్మస్ దినాన బయలుదేరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు, దాదాపు 200 కాంతి సంవత్సరముల దూరములోని వాస్ప్-107 బి గ్రహముపై ఇసుక జాతి రేణువుల మేఘములున్నవని 2023లో తెలిపింది.

"ఇక్కడ పైరు ఎండుతుంటే ఎక్కడి మబ్బో మనకెందుకమ్మా?" అని మా ఇంటనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన భూమి ఎంత వేడెక్కునో చెప్పే లెక్కలలోను పెద్ద చిక్కు మేఘముల దగ్గరే ఉన్నది. వెలుగు, వేడి, గాలి నడిచే నియమములు అక్కడా ఇక్కడా ఒకటే. వేరొక ఎండలో పరీక్షకు నిలిచిన లెక్కను మన ఆకాశమునకు మరింత ధైర్యముగా వాడుకోవచ్చును.

ప్రియ చదువరీ, రేపు ఏదో గ్రహము మీద జీవమున్నదని వార్త వస్తే, మీ పిల్లలతో కూర్చుండి ముందుగా ఈ ప్రశ్న అడగండి: "మబ్బును లెక్కలోనికి తీసికొన్నారా?"